మల్లార్డ్, బీఈఎల్, టెలిఫుంకెన్: పాత వాల్వుల సౌండ్‌లో తేడా ఎంత?

వనపర్తి నుంచి ఒకరు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. ఆయన దగ్గర చిన్న స్టీరియో వాల్వ్ ఆంప్లిఫయర్ ఉంది, అంటే ట్రాన్సిస్టర్ల బదులు గాజు వాక్యూమ్ ట్యూబులతో నడిచేది. ముందు సిగ్నల్ పెంచే ఒక ఈసీసీ83, తర్వాత స్పీకర్లను నడపడానికి చానెల్‌కు ఒకటి చొప్పున రెండు ఈఎల్84లు, సప్లైకి ఏసీని డీసీ చేసే రెక్టిఫయర్ ఒక ఈజడ్81. ఈసీసీ83 స్థానంలో మార్చి మార్చి వినడానికి మూడు వాల్వులు సంపాదించారు: పాత మైక్‌సెట్‌లోంచి తీసిన బీఈఎల్ (మన భారత్ ఎలక్ట్రానిక్స్‌ది), ఎర్రగడ్డ ఆదివారం సంతలో దొరికిన ఇంగ్లండ్ మల్లార్డ్, కొత్తగా కొన్న స్లొవేకియా జేజే. మల్లార్డ్ తియ్యగా ఉందని, బీఈఎల్ గరుకుగా ఉందని, జేజే చప్పగా ఉందని అంటున్నారు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఒకరు పాత జర్మన్ టెలిఫుంకెన్ ఈసీసీ83ని తొమ్మిది వేలకు ఇస్తానంటున్నారట. ఆ డబ్బుకు తగ్గ తేడా వినిపిస్తుందా, కొనమంటారా అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఇప్పుడే కొనకండి. వాల్వుకూ వాల్వుకూ సౌండ్‌లో తేడా ఉన్న మాట నిజమే, నేను రోజూ వింటూనే ఉంటాను. కానీ మీరు చెప్పిన తేడాల్లో ఎక్కువ భాగం కంపెనీ వల్ల వచ్చినవి కాకపోవచ్చు. వాల్వు ఎంత అరిగింది, దానికి ఎంత వోల్టేజీ అందుతోంది, దాని ముందూ వెనకా ఉన్న కండెన్సర్లు ఎలా ఉన్నాయి, మీరు ఎంత సౌండ్‌లో పెట్టి విన్నారు అన్నవి ముందు తేలాలి. అవి తేలాక మిగిలే తేడాయే కంపెనీది. అది చిన్నదే అయినా వినదగ్గదే.

నేను నల్లగొండలో వాల్వ్ రేడియోలు, పాత మైక్‌సెట్ ఆంప్లిఫయర్లు బాగుచేస్తాను, అడిగినవాళ్లకు కొత్తగా కట్టిస్తాను కూడా. ప్రకాశం బజార్‌లో మా మేనమామ దుకాణంలో పని నేర్చుకున్నాను. మర్ఫీ, ఫిలిప్స్, బుష్ రేడియోలు వరసగా రిపేరుకు వచ్చే రోజులవి. ఇక్కడ రాసేదంతా ఆ బల్ల మీద చూసిందే.

మూడు వాల్వులు, మూడు వయసులు

మీ మల్లార్డ్ సంతలో దొరికింది. అది ఎన్ని వేల గంటలు నడిచిందో ఎవరికీ తెలియదు. బీఈఎల్ మైక్‌సెట్‌లోంచి వచ్చింది. పెళ్లిళ్లలో, జాతరల్లో తెల్లవార్లూ మోగి ఉంటుంది. జేజే ఒక్కటే కొత్తది. అంటే కంపెనీలతో పాటు వయసులను కూడా కలిపి పోల్చారన్నమాట. అరిగిన వాల్వులో కెథోడ్ (వేడెక్కి ఎలక్ట్రాన్లు వదిలే భాగం) నుంచి ఎలక్ట్రాన్లు తగ్గుతాయి, గెయిన్ (సిగ్నల్‌ను పెంచే శక్తి) పడిపోతుంది, పై స్వరాల్లో పదును తగ్గుతుంది. చాలామంది ఆ మెత్తదనాన్నే "వింటేజ్ తియ్యదనం" అంటారు. మీ మల్లార్డ్ విషయంలో అదే జరిగిందని నేను అనడం లేదు. కొలిచి చూడకుండా తేల్చలేం అంటున్నాను.

కంటితో చూసేది ఒకటుంది. వాల్వు పైకొసన అద్దంలా వెండి పూత ఉంటుంది, దాన్ని గెట్టర్ అంటారు. అది తెల్లగా పాలరంగుకు తిరిగితే లోపలికి గాలి పోయినట్టు, ఆ వాల్వు పని అయిపోయినట్టే. వెండి పూత అంచులు పలచబడి గోధుమరంగు వచ్చిందంటే బాగా వాడిన వాల్వని అనుమానించాలి. పూత నల్లగా మెరుస్తోందని మంచిదనుకోకూడదు. గాలి పోలేదని మాత్రమే అది చెప్తుంది, కెథోడ్ సంగతి చెప్పదు.

తర్వాత చెవితో చేసే పరీక్ష. ఆంప్లిఫయర్ ఆన్ చేసి, పాట ఏమీ పెట్టకుండా, వాల్యూమ్ మామూలు స్థాయిలో ఉంచి, పెన్సిల్ వెనక ఉన్న రబ్బరుతో ఈసీసీ83 గాజును మెల్లగా తట్టండి. స్పీకర్లో కొద్దిగా టిక్ మంటే ఫర్వాలేదు. గంట కొట్టినట్టు "టింగ్" మని మోగి, ఆ మోత సాగుతూ ఉంటే అది మైక్రోఫోనిక్ వాల్వు. లోపల సిగ్నల్ అందుకునే గ్రిడ్డు తీగలు స్పీకర్ అదురుకు కదులుతూ, ఆ కదలిక మళ్లీ సౌండ్‌లో కలుస్తుంది. గొంతు చుట్టూ ఏదో విశాలత ఉన్నట్టు వినిపిస్తుంది. అది రికార్డింగ్‌లోది కాదు, వాల్వులోది. ప్లేట్లు (ఎలక్ట్రాన్లు చేరే రేకులు) పొడుగ్గా ఉన్న పాత ఈసీసీ83ల్లో ఈ గుణం కొంచెం ఎక్కువ.

మన దగ్గర అసలు సమస్య వోల్టేజీ

దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే విదేశీయులు రాసే వాల్వుల పోలికల్లో ఇది ఎక్కడా కనిపించదు. వాళ్ల ఇళ్లలో కరెంటు నిలకడగా ఉంటుంది. మనకు ఊరి ట్రాన్స్‌ఫార్మర్ మీద బోరు మోటార్లు కూడా ఉంటాయి. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. దాంతో ఏ గంటలో ఎన్ని మోటార్లు తిరుగుతాయో ముందుగా చెప్పలేం. లైన్ చివర ఉన్న ఇళ్లలో మోటార్లు తిరిగేటప్పుడు 185 వోల్టులకు పడటం, అవి ఆగాక 250 దాటడం నేను మీటర్లో చూశాను.

ఇప్పుడు లెక్క చూడండి. ఈసీసీ83కి గానీ ఈఎల్84కి గానీ కెథోడ్‌ను వేడిచేసే హీటర్‌కు 6.3 వోల్టులు కావాలి. మెయిన్స్ 230 ఉన్నప్పుడు 6.3 ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్, మెయిన్స్ 185కి పడితే సుమారు 5.1 మాత్రమే ఇస్తుంది. 255కి పెరిగితే 7 దాకా పోతుంది. హీటర్ వోల్టేజీ పది శాతం కంటే ఎక్కువ అటూ ఇటూ పోకూడదు. తక్కువైతే కెథోడ్ సరిగా వేడెక్కదు, ఎక్కువైతే దాని ఆయుష్షు తరిగిపోతుంది. ప్లేట్లకు అందే పెద్ద డీసీ వోల్టేజీ (హెచ్‌టీ) కూడా అదే నిష్పత్తిలో పడుతుంది కాబట్టి 185 దగ్గర మీ ఆంప్లిఫయర్ పవర్‌లో దాదాపు మూడో వంతు పోతుంది. డోలు దెబ్బ పడ్డచోట సౌండ్ నలిగిపోతుంది.

దేవరకొండ వైపు ఒక రిటైర్డ్ టీచర్ ఇలాంటి ఆంప్లిఫయర్ పట్టుకుని వచ్చారు. "పొద్దుగాల సౌండ్ మొద్దుగుంటది సార్, రాత్రయితే మంచిగైతది" అన్నారు. ఆయన దగ్గర కూడా రెండు రకాల ఈసీసీ83లు ఉన్నాయి. ఒకటి మంచిదని, ఇంకోటి దండగని తేల్చేసుకున్నారు. ఎప్పుడు విన్నారని అడిగితే, దండగన్నదాన్ని పగలు విన్నారు, మంచిదన్నదాన్ని రాత్రి భోజనాలయ్యాక విన్నారు. నా బల్ల మీద మెయిన్స్ వోల్టేజీని పెంచి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్‌తో, అంటే వేరియాక్‌తో, 230 దగ్గర నిలబెట్టి రెండూ వినిపించాను. ఏది ఏదో ఆయన గుర్తుపట్టలేకపోయారు. అదే వేరియాక్‌ను 185కి దించితే పాత వాల్వు వెంటనే నీరసపడింది, కొత్తది ఇంకా పాడింది. హీటర్ చల్లబడ్డప్పుడు అరుగుదల బయటపడుతుంది. ఆయనకు వాల్వు అమ్మలేదు, సర్వో స్టెబిలైజర్ పెట్టుకోమన్నాను. రిలే స్టెబిలైజర్ అయితే మెట్లు మెట్లుగా మారుతుంది, మారిన ప్రతిసారీ స్పీకర్లో టక్ మంటుంది. పాట వినేవాళ్లకు అది పనికిరాదు.

ఇంకో మాట. బయటి దేశాల కిట్లలో చాలావాటి ట్రాన్స్‌ఫార్మర్లు 220 వోల్టుల లెక్కతో చుట్టినవి. మన ఇంట్లో 240 ఉంటే హీటర్‌కు 6.9 దగ్గర అందుతుంది. ఇది చూసుకోకుండా ఖరీదైన పాత వాల్వు అందులో పెడితే దాన్ని చేతులారా కాల్చుకున్నట్టే.

కప్లింగ్ కండెన్సర్

ఈసీసీ83 ప్లేటు నుంచి ఈఎల్84 గ్రిడ్‌కు పోతూ, సిగ్నల్‌ను వదిలి డీసీని ఆపే ఈ కండెన్సర్ పాతదైతే, మీరు విన్న గరుకుదనం అక్కడి నుంచే రావచ్చు. పాత కాగితం కండెన్సర్లు లీక్ అవుతాయి. అవతల ఉన్న వంద, నూటయాభై వోల్టుల డీసీలో కొంత గ్రిడ్ మీదికి జారుతుంది. గ్రిడ్ దగ్గర సున్నా ఉండాల్సింది పాజిటివ్ అవుతుంది, వాల్వు హద్దు మీరి కరెంటు లాగుతుంది.

సూర్యాపేట నుంచి వచ్చిన ఒక ఆంప్లిఫయర్‌లో ఇదే చూశాను. ఇంటాయన గరుకు పోవడం లేదని ఈసీసీ83లు ఒకదాని తర్వాత ఒకటి కొంటూ పోయారు. దుకాణంలో లైటు ఆపి చూస్తే ఈఎల్84 ప్లేటు మధ్యలో మసక ఎరుపు గీత కనిపించింది. కెథోడ్ రెసిస్టర్ 135 ఓమ్‌లు. దాని మీద మామూలుగా 7 వోల్టుల పైచిలుకు ఉండాలి. మీటర్ 11 చూపించింది. అంటే ప్లేటు, స్క్రీన్ (రెండో గ్రిడ్) కరెంటు కలిపి 80 మిల్లీ ఆంపియర్లు దాటింది. 250 వోల్టుల దగ్గర ఈఎల్84 లాగాల్సిన ప్లేట్ కరెంటు 48. ప్లేటు భరించగలిగేది 12 వాట్లయితే అక్కడ దాదాపు 18 వాట్లు కాలుతున్నాయి. కండెన్సర్ మైనం కరిగి చాసిస్ (సెట్ ఇనుప పెట్టె) మీదికి కారి గడ్డకట్టి ఉంది. 630 వోల్టుల ఫిల్మ్ కండెన్సర్లు రెండు వేశాక, ఆయన పనికిరావని పక్కన పెట్టిన ఈసీసీ83లన్నీ చక్కగా పాడాయి.

మీరే చూసుకోవచ్చు. ఈఎల్84 అడుగున 2వ పిన్ గ్రిడ్, 3వ పిన్ కెథోడ్. చాసిస్‌కూ 2వ పిన్‌కూ మధ్య డీసీ వోల్టేజీ కొలవండి. సున్నా ఉండాలి. అర వోల్టు పాజిటివ్ కనిపించినా అనుమానించాల్సిందే. దానికి కారణం కండెన్సరా, వాల్వులోపలి గ్యాసా అని తేలాలంటే, సెట్ ఆపి, చల్లారాక ఈఎల్84 తీసి, మళ్లీ ఆన్ చేసి కొద్దిసేపు మాత్రం కొలవండి. వోల్టేజీ అలాగే ఉంటే కండెన్సర్ పోయింది, మాయమైతే వాల్వుది తప్పు. వాల్వు తీసినప్పుడు హెచ్‌టీ పెరుగుతుంది, అలా ఎక్కువసేపు ఉంచొద్దు.

సప్లై గురించి ఒక్క మాటే. హమ్ (గుయ్ మనే మోత) తగ్గుతుందని ఈజడ్81 తర్వాత మొదటి ఫిల్టర్ కండెన్సర్‌ను 220 మైక్రోఫారడ్‌లకు పెంచేవాళ్లున్నారు. ఆ వాల్వుకు హద్దు 50. అది దాటితే ఆన్ చేసిన ప్రతిసారీ రెక్టిఫయర్ దెబ్బతింటుంది.

సరిగ్గా పోల్చడం ఎలా

ఎక్కువ సౌండ్ వచ్చేదే బాగున్నట్టు మన చెవికి అనిపిస్తుంది. సౌండ్ పెరిగేకొద్దీ చెవి బాస్‌ను ఎక్కువగా పట్టుకుంటుందని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే చూపించారు. రెండు ఈసీసీ83ల గెయిన్‌లో పది శాతం తేడా ఉండటం మామూలే. పది శాతమంటే 0.8 డెసిబెల్. అంత చిన్న తేడాను మనం "సౌండ్ పెరిగింది" అని గుర్తించం. "క్లియర్‌గా ఉంది", "గొంతుకు నిండుదనం వచ్చింది" అనుకుంటాం. మీ జేజే చప్పగా ఉండటానికి కారణం ఇది కావచ్చు, కాకపోవచ్చు. సమం చేస్తే తెలుస్తుంది.

ఫోన్‌లో 400 హెర్ట్జ్ టోన్ పెట్టండి. అందరూ 1 కిలో హెర్ట్జ్ చెప్తారు కానీ మామూలు మల్టీమీటర్లు ఏసీని 50 నుంచి 400 హెర్ట్జ్ మధ్యే నమ్మకంగా కొలుస్తాయి. మీటర్‌ను ఏసీ వోల్టులకు తిప్పి స్పీకర్ టెర్మినళ్ల మీద పెట్టి, వాల్యూమ్ సరిగ్గా 1.00 వోల్టు వచ్చేదాకా తిప్పండి. వాల్వు మార్చిన ప్రతిసారీ మళ్లీ 1.00కి తెచ్చాకే పాట పెట్టండి. 0.98, 1.02 మధ్య ఉంటే చాలు, అది 0.2 డెసిబెల్ లోపు. రెండు చానెళ్లూ కొలవండి. ఒకే ఈసీసీ83లో రెండు సగాలుంటాయి, మీకు ఒక సగం ఎడమకు, ఇంకో సగం కుడికి పనిచేస్తోంది. ఆ రెండు సగాలు సమానంగా లేకపోతే గొంతు మధ్యలోంచి ఒక పక్కకు జరుగుతుంది. చాలా పాత వాల్వుల్లో ఇది చూస్తాం.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. వాల్వు తీసి పెట్టడంలోనే సాకెట్ శుభ్రమవుతుంది. పిన్ను రాసుకోగానే పాత మసి పోయి కాంటాక్ట్ బాగవుతుంది. కొత్త వాల్వు పెట్టగానే సౌండ్ విచ్చుకున్నట్టు ఉంటుంది. ఆ గొప్ప అంతా కొత్త వాల్వుకు పోతుంది. అందుకే మొదట సాకెట్‌ను, పిన్నులను కాంటాక్ట్ క్లీనర్‌తో తుడవండి. తర్వాత పాతది, కొత్తది, మళ్లీ పాతది, ఈ వరసలో వినండి. మూడోసారి కూడా అదే తేడా వినిపిస్తేనే లెక్క. వాల్వు పెట్టాక కనీసం పదిహేను నిమిషాలు వేడెక్కనివ్వండి.

ఏ వాల్వు పెట్టారో మీకు తెలియకుండా ఇంట్లో ఎవరినైనా మార్చమనండి. కవరు మీద పేరు చూశాక చెవి మన మాట వినదు. మహబూబ్‌నగర్‌లో ఒక లెక్చరర్‌కు ఇలా చేసి చూపించాం. మల్లార్డ్ తప్ప ఇంకోటి వినలేనన్న మనిషి, పేరు తెలియకుండా విన్నప్పుడు బీఈఎల్‌ను ఎంచుకున్నారు. కొంచెంసేపు నమ్మలేదు, మళ్లీ పెట్టమన్నారు, మళ్లీ దాన్నే ఎంచుకున్నారు. ఇప్పుడు సంతోషంగా దానితోనే వింటున్నారు.

మార్చడానికి పట్టే పది, పదిహేను నిమిషాల్లో మొదట విన్న సౌండ్ చెవిలో నిలవదు. వీలుంటే స్పీకర్ టెర్మినళ్ల నుంచి రెండు రెసిస్టర్లతో సిగ్నల్ తగ్గించి, ఆడియో ఇంటర్‌ఫేస్ ద్వారా కంప్యూటర్‌లో రికార్డ్ చేసుకోండి. అదే పాట, అదే లెవెల్, మూడు వాల్వులు. తర్వాత ఫైళ్ల పేర్లు మార్చి తీరిగ్గా వినొచ్చు.

ఏం వినాలి? మీరు వందసార్లు విన్నది వినండి. నేను మూడు రకాలు పెడతాను. ఘంటసాల పద్యం: కింది స్థాయిలో ఆ గొంతులోని గంభీరం, ఆలాపన పైకి పోయినప్పుడు అంచు చీలకుండా ఉండటం. నాదస్వరం: వక్రీకరణ ఉంటే మొదట బయటపడేది అందులోనే. మూడోది ఒగ్గు డోలు: దెబ్బ, దాని వెనక వచ్చే గుమ్మనే నాదం విడివిడిగా వినిపించాలి. రెండూ ముద్దయితే వాల్వును తిట్టకండి, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ చిన్నదని అర్థం.

ఇవన్నీ సరిచేశాక నాకు వినిపించే తేడాలు

ముందు మీ ఆంప్లిఫయర్‌లో ఫీడ్‌బ్యాక్ (ఔట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపి తప్పులు సరిదిద్దే ఏర్పాటు) ఉందో లేదో చూడండి. స్పీకర్ టెర్మినల్ నుంచి ఒక రెసిస్టర్ ద్వారా ఈసీసీ83 కెథోడ్‌కు తీగ వెనక్కి పోతుంటే ఉన్నట్టు. ఫీడ్‌బ్యాక్ గట్టిగా ఉన్నచోట వాల్వుల మధ్య తేడాలు బాగా అణిగిపోతాయి. 20 డెసిబెళ్ల ఫీడ్‌బ్యాక్ ఉంటే వాల్వు గెయిన్‌లో పది శాతం తేడా సౌండ్ దగ్గరికి వచ్చేసరికి ఒక శాతం అవుతుంది. 1950ల్లో మల్లార్డ్ వాళ్లు ప్రచురించిన 5-10 లాంటి ఆంప్లిఫయర్ డిజైన్లు అందుకే ఏ కంపెనీ వాల్వు వేసినా నిలకడగా పాడేవి. ఫీడ్‌బ్యాక్ లేని సింగిల్ ఎండెడ్ సెట్‌లో (మీ దానిలా చానెల్‌కు ఒకే పవర్ వాల్వు ఉన్నది), రికార్డ్ ప్లేయర్ సన్నటి సిగ్నల్‌ను పెంచే ఫోనో స్టేజిలో మాత్రం ఈసీసీ83 తేడా తెలుస్తుంది.

అలాంటి సెట్‌లో నా చెవికి: ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్‌లో చేసిన మంచి మల్లార్డ్ గొంతుకు ఒళ్లు ఇస్తుంది. ఆడ గొంతులో, వయొలిన్‌లో ఆ నిండుదనం హాయిగా ఉంటుంది. టెలిఫుంకెన్ శుభ్రంగా, దేన్నీ పెంచకుండా తుంచకుండా వినిపిస్తుంది, వాద్యాల మధ్య ఖాళీ తెలుస్తుంది. అందులో కొంత భాగం దాని నాయిస్ తక్కువ కావడం వల్లేనని నా నమ్మకం. హాలండ్‌లోని హీర్లెన్‌లో చేసిన ఆంపెరెక్స్‌లో తాళాలు, గజ్జెలు కొంచెం ముందుకు వస్తాయి. జేజే, స్లొవేకియాలో ఇప్పటికీ తయారవుతున్నది, మైక్రోఫోనిక్స్ తక్కువ, నమ్మకంగా పనిచేస్తుంది. పై స్వరాల్లో కాస్త మూసినట్టు ఉంటుంది కానీ దాన్ని చప్ప అని నేను అనను.

బీఈఎల్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మన సొంత వాల్వును మనమే చిన్నచూపు చూస్తున్నాం. 1954లో బెంగళూరులో పెట్టిన భారత్ ఎలక్ట్రానిక్స్, 1961లో రేడియో వాల్వుల తయారీ మొదలుపెట్టింది. ఫిలిప్స్ సాంకేతిక సహకారంతో చేసినవి కాబట్టి కట్టుబడిలో ఫిలిప్స్ పోలిక కనిపిస్తుంది. మల్లార్డ్ కూడా ఫిలిప్స్ చేతిలో ఉన్న కంపెనీయే. వాడని, పెట్టెలోంచి అప్పుడే తీసిన బీఈఎల్ మల్లార్డ్‌కు చాలా దగ్గరగా పాడుతుంది. ఒక్కో వాల్వుకూ మధ్య హెచ్చుతగ్గులు ఎక్కువ, అదే దాని లోపం. మూడు, నాలుగు తీసుకుని ఏరుకుంటే మంచిది దొరుకుతుంది. మీది గరుకుగా ఉందంటే అది అరిగినది కావచ్చు, లేదా దాని గెయిన్ ఎక్కువై తర్వాతి స్టేజిని తోస్తుండవచ్చు. లెవెల్ సమం చేసి మళ్లీ వినకుండా దాన్ని పక్కన పెట్టొద్దు.

ఈసీసీ83 బదులు ఈసీసీ82, ఈసీసీ81 పెట్టి చూడమనే సలహా కూడా వింటారు. పిన్నులు ఒకటే, కానీ సిగ్నల్‌ను పెంచే గుణకం ఈసీసీ83కి 100, ఈసీసీ81కి 60, ఈసీసీ82కి 17 ప్రాంతం. మారేది సౌండ్ స్వభావం కాదు, సర్క్యూట్ లెక్కే తప్పుతుంది. రష్యన్ 6ఎన్2పి గుణకం దగ్గరగా ఉన్నా హీటర్ పిన్నులు వేరు, ఆ సాకెట్‌లో సరాసరి పెట్టకూడదు. 6పి14పి మాత్రం ఈఎల్84 స్థానంలో నిక్షేపంగా పనిచేస్తుంది, గట్టి వాల్వు.

నకిలీలు

మల్లార్డ్ పేరు అచ్చు వేయడం సులువు. అసలు పాత మల్లార్డ్ మీది పెయింటు వేలితో రుద్దితేనే పోతుంది. గాజు కింది అంచున బూడిదరంగులో చెక్కినట్టుండే కోడ్ మాత్రం పోదు. రెండో వరస బీ అక్షరంతో మొదలైతే బ్లాక్‌బర్న్‌ది. తర్వాతి అంకె సంవత్సరం, ఆ తర్వాతి అక్షరం నెల. పేరు మెరుస్తూ ఉండి కోడ్ లేకపోతే వదిలేయండి. కొత్త డబ్బాలో మల్లార్డ్ పేరుతో వచ్చేవి రష్యాలో తయారైనవి, పేరు హక్కు కొనుక్కుని అమ్ముతున్నారు. చెడ్డవని కాదు, పాతవి కావు.

మీకు ఇస్తామంటున్న టెలిఫుంకెన్ అడుగున, పిన్నుల మధ్య గాజులోనే చిన్న వజ్రం గుర్తు పోతపోసి ఉండాలి. ఆ ఫొటో అడగండి. దాంతోపాటు రెండు సగాల కొలతలు అడగండి. "చెక్ చేశాం, బాగుంది" అంటే చాలదు. కెథోడ్ ఎలక్ట్రాన్లను మాత్రమే చూసే ఎమిషన్ టెస్టర్‌లో పాసైన వాల్వు కూడా మైక్రోఫోనిక్ కావచ్చు, నాయిస్ ఉండొచ్చు. తిరిగి తీసుకుంటామనే మాట లేకుండా తొమ్మిది వేలు పంపొద్దు.

ఆ డబ్బుతో ముందు చేయాల్సినవి వేరే ఉన్నాయి. కండెన్సర్లు, అవసరమైతే స్టెబిలైజర్, తర్వాత స్పీకర్. ఈఎల్84 సింగిల్ ఎండెడ్‌లో ఐదు వాట్లు కూడా కష్టమే. మీ స్పీకర్ సెన్సిటివిటీ (ఒక వాట్‌కు అది ఇచ్చే సౌండ్) 86 డెసిబెళ్లయితే ఆ ఐదు వాట్లు గొంతుకు సరిపోతాయి గానీ డోలుకు సరిపోవు. 95 ఉన్న స్పీకర్ అదే పవర్‌లో ఎనిమిది రెట్ల ఆంప్లిఫయర్ పెట్టినంత సౌండ్ ఇస్తుంది. తేలికైన కాగితం కోన్‌తో చేసిన పాత రేడియోల స్పీకర్లు అంత చిన్న పవర్‌తో ఇల్లంతా వినిపించడానికి కారణం ఇదే.

చేయి పెట్టే ముందు

లోపల 250 నుంచి 300 వోల్టుల డీసీ ఉంటుంది. ప్లగ్ తీసినా కండెన్సర్లలో నిలిచి ఉంటుంది. మీటర్‌తో సున్నా చూశాకే ముట్టుకోండి. ఆన్‌లో కొలిచేటప్పుడు నల్ల ప్రోబ్‌ను క్లిప్పుతో చాసిస్‌కు తగిలించి, ఒక చెయ్యే వాడండి, రెండోది జేబులో ఉంచండి. స్పీకర్ తగిలించకుండా ఎప్పుడూ ఆన్ చేయొద్దు, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. ఏళ్ల తరబడి మూలనపడ్డ సెట్‌ను సరాసరి ప్లగ్గులో పెట్టకుండా సిరీస్ బోర్డు మీద, సెట్‌తో వరసగా కలిపిన 60 వాట్ల ఫిలమెంటు బల్బుతో లేపండి. వేడి వాల్వును పీకొద్దు. చల్లారాక నిలువుగా, కొద్దిగా అటూ ఇటూ కదుపుతూ తీయండి. వంచి లాగితే పిన్ను దగ్గర గాజు చిట్లుతుంది. మన ఎండాకాలంలో సెట్ పైన జానెడు ఖాళీ ఉండాలి, మూసిన అల్మారాలో పెట్టొద్దు.

ఈ వారంలో మీరు నాలుగు రీడింగులు తీసి రాయండి: రెండు ఈఎల్84ల 3వ పిన్ మీద డీసీ, కెథోడ్ రెసిస్టర్ విలువతో సహా. రెండింటి 2వ పిన్ మీద డీసీ. 4, 5 పిన్నుల మధ్య హీటర్ ఏసీ, పగలు ఒకసారి, రాత్రి పది తర్వాత ఒకసారి. మూడు ఈసీసీ83లతో, వాల్యూమ్ కదపకుండా, 400 హెర్ట్జ్‌కు ఒక్కో చానెల్‌లో వచ్చే ఏసీ వోల్టేజీ. స్పీకర్ మోడల్ కూడా చెప్పండి. అవి చూశాక టెలిఫుంకెన్ సంగతి మాట్లాడుకుందాం. అంతదాకా జేజేని సెట్‌లో ఉంచి, ఆ మల్లార్డ్‌ను జాగ్రత్తగా దాచండి.